కొత్తగా అమెరికా వచ్చినవాళ్ళకి: ఇంట్లో చెప్పలేనివి కాగితం మీద పెట్టండి

ఫాల్ సెమిస్టర్‌కి దిగినవాళ్ళకి సిమ్ ఏది తీసుకోవాలి, బ్యాంక్ అకౌంట్ ఎలా, ఇండియన్ స్టోర్ ఎక్కడ, ఇవన్నీ సీనియర్లు చెప్పేస్తారు. మనసు బాలేకపోతే ఏం చెయ్యాలంటే మాత్రం "క్లాసులు మొదలైతే అదే సర్దుకుంటుంది లే" అంటారు. ఆగస్టులో నిజమే, అంతా కొత్త కాబట్టి రోజులు తెలీవు. అసలు కథ నవంబర్ మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి జరిగాక మొదలవుతుంది. బోస్టన్, చికాగో వైపు నాలుగున్నర అయిదుకే చీకటి పడిపోద్ది, డాలస్‌లో ఉన్నవాళ్ళకి ఇండియాతో తేడా పదిన్నర గంటల నుంచి పదకొండున్నరకి పోద్ది, అంటే మీరు రాత్రి ఎనిమిదికి రూమ్‌కొచ్చి ఫోన్ చేస్తే అక్కడ పొద్దున్న ఏడున్నర, అమ్మ టిఫిన్ హడావిడిలో ఉంటుంది, నాన్న ఆఫీస్‌కి బయల్దేరుతుంటారు.

దొరికినా ఏం మాట్లాడతాం? "తిన్నావా?" "ఆ తిన్నా." "అంతా బానే ఉందా?" "బానే ఉంది." లోన్ తీసి పంపినవాళ్ళకి ఇంకేం చెప్తాం చెప్పండి. కానీ చెప్పకుండా మింగేసింది ఎక్కడికీ పోదు, రాత్రి రెండింటికి పడుకోనివ్వకుండా తిరుగుతూ ఉంటుంది. నేనైతే దాన్ని రాసెయ్యమంటా.

ఇదేదో ఊరికే చెప్పే మాట కాదు. జేమ్స్ పెన్నెబేకర్ అనే సైకాలజిస్ట్, శాండ్రా బీల్ కలిసి డాలస్‌లోనే కాలేజీ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు, 1986లో పబ్లిష్ అయింది. రోజుకి 15 నిమిషాలు, వరసగా 4 రోజులు రాయించారు. జీవితంలో బాగా కలచివేసిన సంఘటన, దానితోపాటు దాని గురించి లోపల ఏమనిపించిందో కూడా రాసినవాళ్ళు తర్వాత నెలల్లో హెల్త్ సెంటర్‌కి తక్కువసార్లు వెళ్ళారు. రాసిన వెంటనే మాత్రం వాళ్ళకి ఇంకా దిగులేసింది. ఇది ముందే తెలిసుంటే మంచిది, లేకపోతే మొదటి రోజే "ఇది నాకు పడదు" అని మూసేస్తారు.

ఎలా రాయాలంటే, "ఈరోజు బ్యాడ్ డే" అని రాస్తే ఏం లాభం లేదు. "గ్రూప్ ప్రాజెక్ట్‌లో నేను చెప్పింది ఎవడూ వినలేదు, అదే మాట పక్కనోడు చెప్తే గుడ్ పాయింట్ అన్నారు, నా ఇంగ్లీష్ వల్లా, నేను మెల్లగా మాట్లాడటం వల్లా, ఊళ్ళో క్లాస్ టాపర్‌ని ఇక్కడ ఎవరికీ కనపడట్లేదేంటి", ఇలా ఉండాలి. ఏం జరిగింది, ఎందుకు గుచ్చుకుంది, రెండూ రావాలి. తెలుగులో సగం ఇంగ్లీష్‌లో సగం, తప్పులతో, బూతులతో, ఎలా వస్తే అలా రాయండి, ఎవరు దిద్దుతారు? తెలుగు రాయడం మర్చిపోయామనుకుంటే ఫోన్‌లో మైక్ నొక్కి మాట్లాడండి, అదే టైప్ చేస్తుంది. ఆగస్టు సేల్‌లో వచ్చే చవక నోట్‌బుక్ చాలు, తోలు అట్ట డైరీ కొంటే అందులో చెడ్డ మాట రాయబుద్ధి కాదు.

రోజూ రాయక్కర్లేదు. వారం తర్వాత కూడా అదే మనిషి మీద అవే తిట్లు వస్తున్నాయంటే ఆపెయ్యండి, లేదా అదే గొడవ అవతలివాడి వైపు నుంచి ఒకసారి రాసి చూడండి. పడుకునే ముందు వద్దు, భోజనానికి ముందు బెటర్.

ఓపీటీలో, అంటే చదువయ్యాక ఇక్కడ పనిచేసుకోడానికిచ్చే పర్మిషన్ మీద ఉండి, జాబ్ లేకుండా ఉండనిచ్చే 90 రోజుల లెక్క చూసుకునేవాళ్ళకి ఇంకోటి చెప్పాలి. 1994లో పబ్లిష్ అయిన ఇంకో ప్రయోగంలో ఉద్యోగాలు పోయిన ఇంజనీర్లతో ఇలాగే రాయిస్తే, ఉద్యోగం పోవడం గురించి రాసినవాళ్ళకే తొందరగా మళ్ళీ ఉద్యోగాలొచ్చాయి. వాళ్ళేం ఎక్కువ అప్లికేషన్లు పెట్టలేదట. కోపం కాగితం మీద వదిలేసి ఇంటర్వ్యూకి వెళ్ళడం వల్ల అయ్యుంటుందని నా ఊహ.

రాస్తుంటే చచ్చిపోవాలనిపించే ఆలోచనలొస్తే మాత్రం పెన్ను పక్కన పెట్టి 988 హెల్ప్‌లైన్‌కి కాల్ చెయ్యండి, మెసేజ్ కూడా పెట్టొచ్చు, ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది. నిద్ర, తిండి వారాల తరబడి చెడితే యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోండి, చాలాచోట్ల దాని ఖర్చు మీరు కట్టిన ఫీజులోనే ఉంటుంది. అక్కడ ఏం చెప్పాలో తోచకపోతే ఆ నోట్‌బుక్‌లో ఒక పేజీ చూసి చదివేసినా పర్లేదు.

నలుగురు ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటే నోట్‌బుక్ ఎక్కడ దాచాలా అని ఆలోచించకండి, లైబ్రరీలో రాసి బ్యాక్‌ప్యాక్‌లోనే ఉంచుకోండి. రూమ్మేట్ గురించి రాసిన పేజీలైతే చింపి పారెయ్యండి, దాచుకోవాలని రూలేం లేదు.