కారు ఏసీ చల్లబడటం లేదా? గ్యాస్ పట్టించే ముందు కంప్రెసర్‌ని చూడండి

ఏసీ చల్లదనం తగ్గగానే అందరికీ ముందు తట్టేది గ్యాస్ పట్టించడం. కానీ ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసి ఉన్న గొట్టాల్లోనే తిరుగుతుంటుంది. ఏళ్ల మీద కొద్దిగా తగ్గడం సహజమే. ఒక్క వేసవిలోనే చల్లదనం పడిపోయిందంటే మాత్రం లీకు ఉన్నట్టే. ఆ గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపే కంప్రెసర్. దానికి ఆయిల్ అందేది ఈ గ్యాస్‌తోనే. లీకు వెతక్కుండా ఊరికే నింపుతూ పోతే, గ్యాస్ తగ్గిన ప్రతిసారీ కంప్రెసర్ ఆయిల్ చాలక అరుగుతుంది.

ముందు మీ కారులో ఏ రకం కంప్రెసర్ ఉందో తెలుసుకోండి. పెట్రోలు కార్లలో బెల్టుతో తిరిగేవి ఉంటాయి. వాటిలో కొన్నింటికి అయస్కాంత క్లచ్ (ఏసీ వేసినప్పుడు పుల్లీని కంప్రెసర్‌కి కలిపేది) ఉంటుంది, కొన్నింటికి క్లచ్ లేకుండా కంట్రోల్ వాల్వ్ (ఎంత గ్యాస్ నొక్కాలో సర్దేది) ఉంటుంది. ఫుల్ హైబ్రిడ్ (మోటారుతోనూ నడవగల) కార్లలో చాలావరకు కరెంటుతో నడిచే కంప్రెసర్ ఉంటుంది, దానికి నారింజ రంగు కేబుల్ వస్తుంది. మైల్డ్ హైబ్రిడ్ (మోటారు ఇంజిన్‌కి సాయం మాత్రమే చేసే) కార్లలో చాలా వాటికి బెల్టు కంప్రెసరే ఉంటుంది కాబట్టి కారు మీద హైబ్రిడ్ అని రాసి ఉందని ఏదీ ఊహించుకోవద్దు. బానెట్ ఎత్తి చూడండి.

ఏసీ వేసినా "టక్" మని క్లచ్ పట్టడం లేదు

ఇంజిన్ ఆపి, చల్లారాక ఏసీ ప్రెషర్ కొలిచే గేజ్ పెట్టండి. 30 డిగ్రీల ఎండలో ఆర్-134ఎ గ్యాస్ ఉన్న సిస్టమ్ రెండు వైపులా (కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చే లో సైడ్, బయటికి వెళ్లే హై సైడ్) సుమారు 97 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలమానం) చూపాలి. బాగా తక్కువ చూపితే గ్యాస్ పోయింది, క్లచ్ పట్టకుండా ప్రెషర్ సెన్సరే ఆపుతోంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి: లోపల గ్యాస్ ద్రవరూపంలో కొంచెం మిగిలి ఉన్నా గేజ్ ఇదే అంకె చూపుతుంది. అందుకే 97 ఉందని గ్యాస్ సరిపడా ఉందనుకోవద్దు.

ప్రెషర్ బాగుంటే ఫ్యూజు, రిలే చూసి, క్లచ్ కనెక్టర్ దగ్గరికి 12 వోల్టులు వస్తున్నాయో కొలవండి. వస్తుంటే కాయిల్ రెసిస్టెన్స్ చూడాలి. ఎక్కువ కార్లలో 3 నుంచి 5 ఓమ్స్ ఉంటుంది. మీటరు ఓపెన్ (తీగ తెగినట్టు) చూపిస్తే కాయిల్ కాలిపోయింది.

అరగంట చల్లగా వచ్చి ఆగిపోయి, బండి చల్లారాక మళ్లీ పనిచేస్తుంటే దాదాపుగా క్లచ్ ప్లేట్ సందే కారణం. వాడేకొద్దీ ప్లేట్ అరిగి సందు పెరుగుతుంది. వేడెక్కిన కాయిల్ లాగే బలం తగ్గుతుంది, ఆ దూరం లాగలేకపోతుంది. ఇంజిన్ ఆపి, ప్లేటుకీ పుల్లీకీ మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చి చుట్టూ మూడు చోట్ల కొలవండి. సాధారణంగా 0.3 నుంచి 0.6 మి.మీ. ఉండాలి, కచ్చితమైన కొలత మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. ఎక్కువుంటే మధ్య బోల్టు విప్పి, ప్లేటు వెనక ఉన్న పల్చటి వాషర్లలో ఒకటి తీసేస్తే సరిపోతుంది. ఈ చిన్న పనికి బదులు మొత్తం కంప్రెసరే మార్చేయడం తరచూ జరుగుతుంటుంది.

క్లచ్ లేని రకంలో పుల్లీ తిరుగుతూ మధ్య హబ్ కదలకుండా ఉంటే టార్క్ లిమిటర్ (కంప్రెసర్ పట్టేస్తే బెల్టును కాపాడేందుకు తెగే భాగం) తెగింది. ఇంజిన్ ఆపి హబ్‌ని చేత్తో తిప్పండి. తిరగకపోతే కంప్రెసర్ లోపల పట్టేసింది.

కొన్ని సెకన్లకోసారి పట్టి వదులుతోంది

గ్యాస్ తక్కువైంది. లీకయ్యే చోట ఆయిల్ కూడా బయటికొచ్చి దుమ్ము అంటుకుంటుంది. గొట్టాల జాయింట్లు, కండెన్సర్ (కారు ముందు గ్రిల్ వెనక గ్యాస్ వేడిని వదిలే జాలీ) ముందు భాగం, క్లచ్ వెనక షాఫ్ట్ సీల్, గ్యాస్ పట్టించే వాల్వులు టార్చ్ వేసి చూడండి. నల్లగా, జిడ్డుగా మరక కనిపిస్తే చోటు దొరికినట్టే. ఓ-రింగ్ మార్చాక కనీసం 30 నిమిషాలు వాక్యూమ్ లాగి, పంపు ఆపి ముల్లు నిలబడుతుందో లేదో చూడాలి. తర్వాత గ్యాస్ తూకం వేసి, బానెట్ కింద స్టిక్కర్ మీద ఉన్నన్ని గ్రాములే పట్టించాలి. 450 గ్రాములు పట్టే చిన్న కారులో 100 గ్రాములు ఎక్కువైనా చల్లదనం తగ్గి, కంప్రెసర్ మీద భారం పెరుగుతుంది.

బండి కదిలితే చల్లగా, ఆగితే వేడిగా

కండెన్సర్ ఫ్యాన్ తిరగడం లేదు, లేదా కండెన్సర్ దుమ్ముతో మూసుకుపోయింది. తక్కువ ప్రెషర్ నీళ్లతో కడగండి. జెట్ పంపు కొడితే రెక్కలు వంగిపోతాయి.

క్లచ్ పట్టింది, ఫ్యాన్లు బాగున్నాయి, అయినా చల్లదనం లేదు

1500 ఆర్‌పీఎమ్ దగ్గర లో సైడ్ సుమారు 25–40, హై సైడ్ 200–230 పీఎస్‌ఐ ఉంటే బాగున్నట్టు. ఎండ ముదిరితే రెండూ పెరుగుతాయి. లో సైడ్ 70కి ఎక్కి, హై సైడ్ 120 దగ్గరే ఆగిపోతే కంప్రెసర్ నొక్కడం లేదు. కంట్రోల్ వాల్వ్ ఉన్న రకమైతే ముందు ఆ వాల్వ్ మార్చి చూడండి.

శబ్దం

ఏసీ ఆపినా గరగర వస్తుంటే పుల్లీ బేరింగ్. వేసినప్పుడే వస్తే క్లచ్ లేదా లోపలి భాగాలు.

హైబ్రిడ్: హెచ్చరిక లైటుతో ఏసీ ఆగిపోయింది

ఇందులో మోటారు కంప్రెసర్ లోపలే ఉంటుంది, దాని చుట్టలు గ్యాస్‌లో, ఆయిల్‌లో తడుస్తూ నడుస్తాయి. అందుకే ఆ ఆయిల్ కరెంటుని పారనివ్వకూడదు. సాధారణ కార్ల పీఏజీ రకం ఆయిల్ కొద్దిగా కలిసినా ఇన్సులేషన్ పడిపోతుంది. కారు దాన్ని హై వోల్టేజ్ లీకుగా పసిగడుతుంది, కొన్నిసార్లు స్టార్ట్ కూడా కాదు. కంప్రెసర్ తయారీదారు చెప్పిన పీఓఈ రకం ఆయిలే పోయాలి. డెన్సో ఎలక్ట్రిక్ కంప్రెసర్లలో చాలా వాటికి ఎన్‌డీ-11 అనే ఆయిల్. అంతకుముందు మామూలు కారుకి వాడిన గ్యాస్ మెషిన్ పైపుల్లో మిగిలిన ఆయిలూ లోపలికి వెళ్తుంది. పైపులు శుభ్రం చేశారా అని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు. లీకు మూసే మందులు అసలు వద్దు.

నారింజ కేబుల్ మీద పని శిక్షణ పొందినవారిదే. సర్వీస్ ప్లగ్ (హై వోల్టేజ్ బ్యాటరీని విడదీసేది) తీసి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగి (చాలా కార్లకు 10 నిమిషాలు), 1000 వోల్టుల గ్లౌజులతో మీటరు పెట్టి సున్నా చూశాకే ముట్టుకోవాలి.

కంప్రెసర్ మార్చాల్సి వస్తే

పాతదాని ఆయిల్ కొలగిన్నెలోకి వంచి, రంగు చూడండి. నల్లగా, లోహపు పొడి మెరుస్తుంటే కండెన్సర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (గ్యాస్ ప్రెషర్ తగ్గించి చల్లబరిచేది), డ్రయర్ (తేమను పీల్చేది) కూడా మార్చాలి. కండెన్సర్ సన్నటి గొట్టాల్లో ఇరుక్కున్న పొడి ఫ్లష్ చేసినా పూర్తిగా రాదు, అదే కొత్త కంప్రెసర్‌ని తినేస్తుంది. ఆయిల్ శుభ్రంగా ఉంటే, పాతదాంట్లో ఎంత వచ్చిందో కొత్తదాంట్లోనూ అంతే ఉంచి మిగతాది వంచేయండి. సిస్టమ్ తెరిచినప్పుడల్లా డ్రయర్ కొత్తది వేయాలి. బెల్టు రకమైతే బిగించాక హబ్‌ని చేత్తో పది చుట్లు తిప్పి, లోపల చేరిన ఆయిల్ పక్కకు జరిగాకే ఇంజిన్ స్టార్ట్ చేయండి.