డాబా మీద జూనిపర్ బతకాలంటే

జూనిపర్ (ఏడాదంతా పచ్చగా ఉండే కోనిఫర్ జాతి మొక్క) కుండీ కొనుక్కొచ్చి హాల్లో టీపాయ్ మీద పెట్టేవాళ్లని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అది గదిలో బతికే మొక్క కాదు. హైదరాబాద్ నాచారంలో మా డాబా మీద, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఎండ పడే మూలన పెట్టాను. అక్కడే హాయిగా ఉంది.

దీని చుట్టం ఒకటి టెక్సాస్, ఓక్లహోమా, న్యూ మెక్సికో ప్రాంతాల్లోని ఎండు గుట్టల మీద, సున్నపురాయి నేలల్లో పొదలా పెరుగుతుంది. ఎర్రటి కాయలు కాస్తుంది. పేరు జూనిపెరస్ పించోటీ. అమెరికా అటవీ శాఖ తొలి అధిపతి గిఫర్డ్ పించో పేరు మీద 1905లో ఆ పేరు పెట్టారు. మన నర్సరీల్లో దొరికేది ఎక్కువగా చైనా జూనిపర్. రెండూ కోరేది మాత్రం ఒకటే: ఎండ కావాలి, వేళ్ల దగ్గర నీళ్లు నిలవకూడదు.

అందుకే మట్టి దగ్గర పిసినారితనం వద్దు. ఎర్రమట్టి ఒక పాలు, దొడ్డు ఇసుక ఒక పాలు, శనగగింజంత రాతి ముక్కలు ఒక పాలు కలపండి. ఇసుక బదులు రోబో శాండ్ (రాళ్లు పిండి కొట్టి చేసే ఇసుక) వాడితే జల్లెడ పట్టి పిండి పూర్తిగా తీసేయాలి. ఆ పిండే తడిసి సిమెంటులా బిగుసుకుపోతుంది. మన గుట్టలన్నీ గ్రానైటే, కానీ ఇళ్లల్లో పరిచే తాండూరు బండ సున్నపురాయే. ఫ్లోరింగ్ పని జరిగే చోట ముక్కలు అడిగి తెచ్చుకుని చితక్కొట్టి వాడతాను. సున్నం లేకపోయినా మొక్కకు లోటేం లేదు, మురుగు పోవడమే ముఖ్యం. నాటాక చెంబుడు నీళ్లు పోసి చూడండి. కింది కన్నంలోంచి వెంటనే కారాలి. పైన మడుగులా నిలిస్తే మట్టి మళ్లీ కలపాల్సిందే.

నీళ్లు రోజూ లెక్కగా పోయకండి. వేలు రెండు కణుపుల లోతు గుచ్చి, పొడిగా తగిలితేనే పోయండి. మే నెలలో రోజూ అవసరం పడొచ్చు. బోరు నీళ్లకు టెన్షన్ పడనక్కర్లేదు, తట్టుకుంటుంది. అసలు గండం వానాకాలం. మనకు ఏడాదికి పడే సుమారు 800 మిల్లీమీటర్లలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడుతుంది. అప్పుడు కుండీ కింద ప్లేటు తీసేసి, రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టండి.

ఇంకో సంగతి. జూనిపర్ చచ్చిపోయినా వారాల తరబడి పచ్చగానే కనిపిస్తుంది. అనుమానం వస్తే సన్న కొమ్మ మీద గోటితో గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే.

ఎండాకాలంలో ఎర్రనల్లి పడుతుంది. తెల్లకాగితం పట్టి కొమ్మను దులపండి. దుమ్ములాంటి చుక్కలు పాకుతుంటే అదే. పొద్దున్నే పైపుతో ఆకుల అడుగుకి కూడా తగిలేలా గట్టిగా నీళ్లు కొట్టండి. నాలుగైదు రోజులకోసారి కొన్ని విడతలు కొడితే చాలావరకు తగ్గుతుంది.

కత్తిరించేటప్పుడు పచ్చ ఉన్నంత వరకే. పించోటీని మొదలంటా నరికినా, కాల్చినా మళ్లీ చిగురిస్తుంది. మన కుండీలో దానికి ఆ శక్తి లేదు, ఆకులేని మోడు కొమ్మ అలాగే ఎండిపోతుంది. కుండీ మార్చాలంటే చలికాలంలో మార్చండి. వేళ్లకు అంటుకున్న పాతమట్టి మొత్తం కడిగేయకుండా కొంత ఉంచి నాటి, రెండు వారాలు కాస్త నీడపట్టున పెట్టి, ఆ తర్వాతే ఎండలోకి జరపండి.