విద్యార్థులను క్లినికల్ పోస్టింగ్‌కి పంపే ముందు ఆఫీసు పని ఎలా చేయాలి?

నర్సింగ్, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ ఏదైనా సరే, పోస్టింగ్ (హాస్పిటల్ వార్డుల్లో శిక్షణ) అనగానే ఆఫీసులో ముందు వార్డుల లిస్టు వేసేస్తారు. అది ఆఖర్న చేయాల్సిన పని.

ఎక్సెల్ షీట్ తెరిచి, విద్యార్థికి ఒక వరుస ఇవ్వండి. రోల్ నంబర్ కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా మార్చండి, లేదంటే నంబరు మొదట్లో ఉండే సున్నాలు ఎగిరిపోతాయి. షీట్ ఒక్కరి చేతిలోనే ఉండాలి. నలుగురు నాలుగు కాపీలు దిద్దే పద్ధతిని నేనసలు ఒప్పుకోను. ఏ వార్డులో షిఫ్టుకి ఎంతమందిని తీసుకుంటారో హాస్పిటల్ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఇక తలనొప్పి అంతా టీకాల రికార్డుతోనే.

చాలామంది ‘హెపటైటిస్-బి పూర్తయిందా? అవును/కాదు’ అని ఒక్క కాలమ్ పెట్టి ఊరుకుంటారు. రెండు డోసులు వేయించుకున్నవాళ్లు కూడా ‘అవును’ అనే రాస్తారు. ఆ కాలమ్ తీసేసి ప్రతి డోసుకీ తేదీ అడగండి. మామూలు షెడ్యూల్‌లో మూడు డోసులు: మొదటిది వేసిన నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది. మూడోది పడ్డాక ఒకటి రెండు నెలలకి యాంటీబాడీ టైటర్ పరీక్ష, అంటే టీకా వల్ల రక్తంలో రక్షణ ఎంత వచ్చిందో చూసే పరీక్ష. అంటే మొత్తం ఏడెనిమిది నెలలు. పోస్టింగ్‌కి నెల ముందు ఫారం పంచితే ఎవరు మాత్రం ఏం చేయగలరు? అడ్మిషన్ రోజే చేతికివ్వండి.

టైటర్ మిల్లీలీటరుకి 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు, ఆపైన ఉంటే రక్షణ ఉన్నట్టు. అంతకన్నా తక్కువొస్తే డాక్టర్ దగ్గరికి పంపండి. మళ్లీ డోసులు కావాలా, ఈలోగా వార్డుకి పంపొచ్చా అన్నది గుమాస్తా తేల్చే విషయం కాదు.

టీబీ చర్మపరీక్షలో ఇంకో చిక్కుంది. సూది వేసిన 48 నుంచి 72 గంటల్లోపు చేయి చూపించాలి, గడువు దాటితే పరీక్ష మళ్లీ చేయాల్సిందే. గురువారం వేయించుకుంటే చూపించాల్సింది శని, ఆదివారాల్లో. అప్పుడు క్లినిక్ మూసి ఉంటే అంతే సంగతులు. కాబట్టి సోమ, మంగళవారాల్లోనే వేయించండి. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) లాంటి లైవ్ టీకా, అంటే బలహీనపరచిన సజీవ క్రిములతో చేసినది, కూడా బాకీ ఉంటే రెండూ ఒకేరోజు కానిచ్చేయడం నయం. టీకా ముందు పడితే పరీక్షకి నాలుగు వారాలు ఆగాలి, లేకపోతే ఫలితం తప్పుగా నెగటివ్ రావచ్చు.

సర్టిఫికెట్ మీద పేరు, డోసు తేదీలు, సంతకం మీ కళ్లతో చూశాకే ‘క్లియర్’ అని రాయండి. రిపోర్టులు వాట్సాప్ గ్రూపులో పెట్టించొద్దు, అది వాళ్ల సొంత ఆరోగ్య సమాచారం. హాస్పిటల్‌ ప్రత్యేకంగా అడిగితే తప్ప క్లియరైన పేర్లు పంపితే చాలు.

ఇప్పుడు వార్డులు వేయండి, క్లియరైనవాళ్లకి మాత్రమే. రోస్టర్ మీద వెర్షన్ తేదీ ఉండాలి. హాజరు షీట్లు ప్రిసెప్టర్ (వార్డులో విద్యార్థికి పని నేర్పే సీనియర్) సంతకంతో వారం వారం తెప్పించుకోండి. పోస్టింగ్ ముగిశాక అడిగితే, సంతకం పెట్టాల్సినవాళ్లు అప్పటికి వేరే వార్డుకి మారిపోయి ఉంటారు.