ఉన్ని బూటు మడమ ఉబ్బితే...

బెంగళూరులో మా అపార్ట్‌మెంటుకు వచ్చేది బోరు నీరు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉండే ఆ నీటిలో సబ్బు నురగకు బదులు తెల్లని తెట్టు కడుతుంది. లేహ్‌లో ఉద్యోగం చేస్తున్న తమ్ముడికి ఫెల్టింగ్ పద్ధతిలో, అంటే ఉన్ని పొరలను వేడి సబ్బు నీళ్లతో తడిపి, రుద్ది, ఒకటిగా అతుక్కునేలా చేసి, ఉన్ని బూట్లు చేస్తుంటే ఆ తెట్టు పొరల మధ్య చేరి, మడమ దగ్గర ఉన్ని అతుక్కోకుండా ఉబ్బింది.

వదిన వాళ్లింట్లో కావేరి నీళ్లు వస్తాయి. రెండు బిందెలు తెచ్చుకుని, వేడిచేసి, తెట్టు వదిలేదాకా బూటును జాడించాను. ఉబ్బిన పొరను గీరి, కొత్త మెరీనో (సన్నని పోగులుండే ఒక గొర్రె జాతి) ఉన్నిని పలుచగా ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా పరిచాను. వేడి సబ్బు నీళ్లు చల్లి, మొదట అరచేత్తో మెల్లగా రుద్దాలి. తొందరపడి గట్టిగా రుద్దితే పాత పొరను పట్టుకోకముందే కొత్తది జరిగిపోతుంది. తర్వాత వెదురు చాపలో చుట్టి, దిశ మారుస్తూ దొర్లించాను. ఎటు దొర్లిస్తే అటే ఎక్కువగా కుదించుకుపోతుంది కాబట్టి పొడవు కూడా ఇక్కడే సరిచేసుకోవచ్చు.

పొరలు అతుక్కున్నాయో లేదో చూడాలంటే, వేళ్లతో గిల్లితే పోగులు విడిగా లేవకూడదు, మొత్తం మందం కలిసి లేవాలి. మెషీన్‌లో ఉతికినా కుదించుకుపోదని రాసి ఉన్న ఉన్ని మాత్రం దీనికి పనికిరాదు. దాని పోగుల మీది పొలుసులను అణచేసి ఉంచుతారు, ఎంత రుద్దినా పెనవేసుకోదు.