ఫైబర్ కాంక్రీట్ ఎటు నుంచి పోయాలి?
క్యూబిక్ మీటరు కాంక్రీట్‌కు ఎన్ని కిలోల స్టీల్ ఫైబర్ (కాంక్రీట్‌లో కలిపే సన్నటి స్టీల్ తీగ ముక్కలు) వేయాలని అందరూ అడుగుతారు, ఎటు నుంచి పోయాలని అడిగేవాళ్లు తక్కువ. క్రాక్‌ను అడ్డంగా దాటి రెండు వైపులా పట్టుకున్న ఫైబరే పని చేస్తుంది, క్రాక్ వెంబడి పడుకున్నది ఉన్నా లేనట్టే. అందుకే ముందు క్రాక్ ఎటు వస్తుందో చూసుకోండి.

బీమ్ అయితే తేలిక. వంగినప్పుడు క్రాక్ అడుగు నుంచి పైకి లేస్తుంది కాబట్టి ఫైబర్లు పొడవునా ఉండాలి. ఒక చివర నుంచి ఆపకుండా పోసి పారనివ్వండి, షట్టరింగ్ పక్కల రాపిడికి ఫైబర్లు వాటంతటవే పారే దిశలోకి తిరుగుతాయి. రెండు చివర్ల నుంచీ పోస్తే మాత్రం ధారలు కలిసిన చోట ఫైబర్లు అతుకు వెంట నిలబడిపోతాయి, దాన్ని దాటేవి చాలా తక్కువ. పైగా ఆ అతుకు పడేది సరిగ్గా లోడ్ బాగా లాగే నడిమధ్యలో!

స్లాబ్ దగ్గరే తికమక. ఒకేచోట కుమ్మరించి చుట్టూ పారనిస్తే ఫైబర్లు పారే వైపే తిరుగుతాయనుకుంటాం, కానీ కాంక్రీట్ గుండ్రంగా విస్తరించే కొద్దీ చుట్టుకొలత సాగుతుంది కాబట్టి అవి ఆ చుట్టు వెంబడి, అంటే పారే దిశకు అడ్డంగా తిరుగుతాయి. మధ్య నుంచి బయటికి చీలే క్రాక్‌లను ఇవి గట్టిగా పట్టుకుంటాయి, చుట్టు వెంబడి వచ్చేవాటిని అంతగా ఆపలేవు. సెల్ఫ్ కంపాక్టింగ్ మిక్స్ (వైబ్రేటర్ లేకుండా తనంతట తానే పారి సర్దుకునే కాంక్రీట్) దూరం పారుతుంది కాబట్టి అందులో ఈ తేడా ఇంకా ఎక్కువ.

నీడిల్ వైబ్రేటర్‌తో, అంటే కాంక్రీట్‌లోకి దించి అదిరించే సూదితో జాగ్రత్త. దించిన చోటల్లా చుట్టూ ఉన్న ఫైబర్లు తిరిగిపోయి, సూది తీశాక అక్కడ ఒట్టి మోర్టార్ మిగలొచ్చు. కుదిరితే షట్టరింగ్‌కు బయట బిగించే వైబ్రేటర్ వాడండి. మిక్స్ మరీ పల్చనైతే ఫైబర్లు అడుగుకు దిగిపోతాయి, స్టీల్ సాంద్రత 7850, కాంక్రీట్‌ది సుమారు 2400, క్యూబిక్ మీటరుకు కిలోల్లో.

అనుమానంగా ఉంటే పచ్చి కాంక్రీట్‌ను కొలిచి తీసుకుని, నీళ్లతో కడిగి, అయస్కాంతంతో ఫైబర్లు ఏరి తూచండి. దీంతో లెక్క తెలుస్తుంది కానీ దిశ తెలియదు. దిశ కావాలంటే గట్టిపడ్డాక ఒక ముక్క కోసి ఆ ముఖం చూడాల్సిందే: మెరిసే గుండ్రటి చుక్కలు కనిపిస్తే ఫైబర్లు కోతకు నిలువుగా ఉన్నట్టు, సాగిన గీతల్లా కనిపిస్తే ఏటవాలుగా పడుకున్నట్టు.