బయోగ్యాస్ ట్యాంక్ పులిసిపోకుండా నిలకడగా నడపడం ఎలా?

బయోగ్యాస్ ప్లాంట్ పెట్టడం కంటే దాన్ని ఆగకుండా నడపడమే అసలు పని. ట్యాంకుకి చిన్న పగులు కూడా లేకపోయినా ఒక్కోసారి గ్యాస్ ఆగిపోతుంది, ఎందుకంటే లోపలి సరుకు పులిసిపోయి ఉంటుంది. ఇది ఎందుకు జరుగుతుందో తెలిస్తే మిగతాదంతా తేలికే. లోపల ముఖ్యంగా రెండు గుంపుల సూక్ష్మజీవులుంటాయి, ఒక గుంపు వ్యర్థాల్ని విరగ్గొట్టి ఆమ్లాలుగా మారుస్తుంది, ఇంకో గుంపు ఆ ఆమ్లాల్ని వాడుకుని మీథేన్ చేస్తుంది. ఆమ్లం చేసేవి గంటల్లో రెట్టింపైపోతాయి, మీథేన్ చేసేవాటికి రోజులు పడుతుంది. మనం తొందరపడి ఎక్కువ మేత (ట్యాంకులో వేసే వ్యర్థాలు) వేస్తే ఆమ్లం పేరుకుపోతుంది, ఆ ఆమ్లమే మీథేన్ చేసేవాటిని దెబ్బతీస్తుంది, దాంతో ఆమ్లం ఇంకా పెరుగుతుంది. అందుకే ఎప్పుడూ ఆ నిదానంగా పెరిగేవాటి స్పీడుకే మనం నడవాలి.

స్టెప్ 1: మొదలుపెట్టడం

మొదటిరోజే వంటగది వ్యర్థాలు వెయ్యకండి. బాగా నడుస్తున్న ప్లాంట్ నుంచి స్లర్రీ (ట్యాంకులో ఉండే చిక్కటి ద్రవం) దొరికితే అంతకంటే మంచిది లేదు, దొరక్కపోతే తాజా పశువుల పేడకి సమానంగా నీళ్లు కలిపి నింపి, గ్యాస్ నిలకడగా మండేదాకా ఆగండి. దీనికి కొన్ని వారాలు పట్టొచ్చు, చలికాలమైతే ఇంకా ఎక్కువే. ఇంకో మాట, మొదట వచ్చే గ్యాస్‌లో గాలి కలిసి ఉంటుంది, గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పు తగిలితే పేలుతుంది, కాబట్టి దాన్ని దగ్గర్లో ఏ మంటా లేకుండా చూసుకుని బయటికి వదిలేయాలి.

స్టెప్ 2: మేత కొలిచి వెయ్యడం

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. వేడి చేసే ఏర్పాటు, మిక్సర్ లేని మామూలు ట్యాంకులో ఒక క్యూబిక్ మీటర్ స్లర్రీకి రోజుకి సుమారు 1 కిలో పొడి సేంద్రియ పదార్థం అనుకోండి. వంటగది వ్యర్థాల్లో ముప్పాతిక వంతు పైగా నీళ్లే కాబట్టి తడి వ్యర్థం లెక్కలో అది దాదాపు 5 కిలోలు. అది కూడా మొదటిరోజు నుంచీ కాదు, పావు వంతుతో మొదలుపెట్టి, గ్యాస్ బాగుంటేనే వారం వారం కొంచెం పెంచుకుంటూ వెళ్లాలి. రోజూ ఒకే టైముకి, దాదాపు ఒకే కొలతలో వెయ్యండి. రెండ్రోజులు మానేసి మూడోరోజు మొత్తం ఒకేసారి కుమ్మరించడం, ఏదో ఫంక్షన్‌లో మిగిలిందంతా ఒక్కసారే తోసేయడం, ఇవే ట్యాంక్ పులిసిపోవడానికి దారి. నీళ్లు మరీ ఎక్కువ పోసినా నష్టమే, సరుకు త్వరగా బయటికొచ్చేసి నిదానంగా పెరిగే జీవులు కూడా దాంతోపాటే కొట్టుకుపోతాయి. లోపల కనీసం 30, 40 రోజులైనా ఉండాలి.

స్టెప్ 3: ఏం కలపాలి, ఏం కలపకూడదు

వేసే సరుకులో నైట్రోజన్ ఒక వంతుకి కార్బన్ 20 నుంచి 30 వంతులు ఉంటే బాగుంటుంది. కోళ్ల పెంట, మాంసం వ్యర్థాలు ఎక్కువైతే అమోనియా పెరుగుతుంది. ఉత్త వంటగది వ్యర్థాలతోనే నడిపితే మొదట్లో గ్యాస్ బ్రహ్మాండంగా వచ్చి, కొన్నాళ్లకి కోబాల్ట్, నికెల్, సెలీనియం లాంటి సూక్ష్మ మూలకాలు తగ్గిపోయి తడబడొచ్చు, అందుకే కొంచెం పేడ కలుపుతూ ఉండమని గట్టిగా చెప్తాను. నూనె, కొవ్వు కొద్దిగా అయితే పర్లేదు, ఎక్కువైతే నురుగు, తెట్టు తప్పవు. నిమ్మజాతి తొక్కలు ఎక్కువ వెయ్యొద్దు. బ్లీచింగ్, ఫినాయిల్ అసలే వద్దు, యాంటీబయోటిక్ మందులు వాడిన పశువుల పేడ కూడా వద్దు.

స్టెప్ 4: వేడి

35 నుంచి 38 డిగ్రీలు చాలా అనుకూలం. అయితే అంకె కంటే నిలకడ ముఖ్యం, రోజులో ఒకట్రెండు డిగ్రీల కంటే ఎక్కువ తేడా రాకపోతే మంచిది. చలి పెరిగితే మేత తగ్గించండి, కలిపే నీళ్లు గోరువెచ్చగా ఉంటే ఇంకా మేలు.

స్టెప్ 5: ముందే కనిపెట్టడం

పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత, ఆమ్లం పెరిగితే ఇది తగ్గుతుంది) 6.8 నుంచి 7.5 మధ్య ఉండాలి, కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. స్లర్రీలో ఉండే బైకార్బొనేట్ వచ్చిన ఆమ్లాన్ని కొన్నాళ్లు మింగేస్తూ ఉంటుంది, అది అయిపోయాకే పీహెచ్ పడుతుంది, అప్పటికి ఆలస్యమైపోయి ఉంటుంది. మంట చూడండి, వేసిన మేతకి వచ్చే గ్యాస్ తగ్గుతోందా చూడండి. మీథేన్ తగ్గి కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మంట బర్నర్ మీద నిలవదు, ఊరికే ఆరిపోతుంది. స్లర్రీ పుల్లటి వాసనొస్తే ఇంక అనుమానమే అక్కర్లేదు. ల్యాబ్ అందుబాటులో ఉంటే ఆమ్లాలకీ ఆల్కలినిటీకీ (ఆమ్లాన్ని మింగేసే ఆ శక్తికీ) ఉన్న నిష్పత్తి చూపించండి, 0.3, 0.4 దాకా ఫర్వాలేదు, 0.5 దాటితే మేత తగ్గించాలి, 0.8 దగ్గరికొస్తే ఆపేయాలి.

స్టెప్ 6: పులిసిపోతే

ముందు మేత ఆపండి. ఇదే మొదటి మందు, చాలాసార్లు ఇదే సరిపోతుంది కూడా. మెల్లగా కలుపుతూ, వేడి తగ్గకుండా చూస్తూ కొన్నిరోజులు వదిలేస్తే పేరుకున్న ఆమ్లాన్ని ఆ జీవులే తినేస్తాయి. పీహెచ్ 6.5 కంటే కిందికి పడితే వంట సోడా నీళ్లలో కరిగించి కొద్దికొద్దిగా పోసి, మర్నాడు మళ్లీ చూడండి, ఒకేసారి ఎక్కువ పోస్తే ఆ సోడియం కూడా వాటికి చేటే. సున్నం మాత్రం జాగ్రత్త, అది కార్బన్ డయాక్సైడ్‌ని లాగేసుకుని అడుగున గట్టిగా పేరుకుంటుంది, మూసి ఉన్న ట్యాంకులో ప్రెషర్ కూడా పడిపోవచ్చు. మంచి ప్లాంట్ స్లర్రీ కొంత పోస్తే కోలుకోవడం తొందరవుతుంది. మంట మళ్లీ నిలబడ్డాక పావు వంతు మేతతో మొదలుపెట్టండి.

వారాలు గడిచినా కోలుకోకపోతే కొంత సరుకు తీసేసి తాజా పేడ స్లర్రీ నింపాలి. తీసేది పంపుతో, బయటినుంచే. ఖాళీ అయినట్టు కనిపించినా ఎవరూ లోపలికి దిగొద్దు, హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ఆ కుళ్లిన గుడ్డు వాసన కూడా ముక్కుకి తెలియదు, ఊపిరి ఆగి అక్కడికక్కడే పడిపోతారు, కాపాడదామని వెనకే దిగినవాళ్లకీ అదే గతి పడుతుంది.