హోమ్‌బిల్ట్ విమానంలో మ్యాగ్నెటోమీటర్ ఎక్కడ బిగించాలి?

వ్యాన్స్ ఆర్‌వీ-7 లాంటి అల్యూమినియం కిట్ విమానం కట్టేవాళ్లు ప్యానెల్‌లో ఏ స్క్రీన్ పెట్టాలా అని నెలల తరబడి తల బద్దలు కొట్టుకుంటారు, సెన్సార్ల దగ్గరికొచ్చేసరికి ఖాళీ కనిపించిన చోటల్లా డ్రిల్ పెట్టేస్తారు.

సులువైనవి ముందు చెప్పేస్తా. జీపీఎస్ యాంటెనాకు పైన అడ్డం ఉండకూడదు. బయటి ఉష్ణోగ్రత సెన్సార్ రెక్క కింద, ఎండా ఎగ్జాస్ట్ వేడీ తగలని చోట. ఏహెచ్ఆర్ఎస్ (విమానం ఎటు వాలిందో, ఎటు తిరిగిందో లెక్కగట్టే) పెట్టె ఊగని గట్టి చోట, మాన్యువల్ చెప్పిన దిశలో. అయిపోయింది.

అసలు తలనొప్పి మ్యాగ్నెటోమీటర్‌తో, అంటే భూమి అయస్కాంత క్షేత్రాన్ని బట్టి దిక్కు చెప్పే సెన్సార్‌తో. అది కుడి రెక్క చివర, ఫైబర్‌గ్లాస్ టిప్ పక్కనే ఉండాలి. తోకలో పెడితే వైరింగ్ తేలిక అంటారు, నిజమే, కానీ అక్కడ రడ్డర్‌కు వెళ్లే ఉక్కు కేబుళ్లున్నాయి, ట్రిమ్ మోటారుంది. కుడి రెక్కే ఎందుకంటే ఆర్‌వీల్లో హీటర్ ఉన్న పీటో (గాలి వేగం కొలిచే గొట్టం) ఎడమ రెక్కలో ఉంటుంది, దానికి వెళ్లే కరెంటు తక్కువేం కాదు.

కదలకుండా ఉండే ఇనుము వల్ల వచ్చే తేడాను క్యాలిబ్రేషన్ చాలావరకు సరిచేస్తుంది. ఆన్, ఆఫ్ అయ్యే కరెంటును, స్టిక్ కదిపితే కదిలే ఉక్కు భాగాలను సరిచేయలేదు, ఎన్నిసార్లు చేసినా సరే. 5 ఆంపియర్లు పోయే ఒంటరి వైరు 10 సెంటీమీటర్ల దూరంలో 10 మైక్రోటెస్లాల క్షేత్రం పుట్టిస్తుంది. అమెరికా ఉత్తర ప్రాంతాల్లో భూమి క్షేత్రంలో అడ్డంగా ఉండే భాగమే 20కి అటూ ఇటూ, అంటే లైటు వేయగానే హెడింగ్ (విమానం ముక్కు ఉన్న దిక్కు) పాతిక డిగ్రీలకు పైగా పక్కకు పోవచ్చు. హైదరాబాద్ దగ్గర అదే 40 దాకా ఉంటుంది కాబట్టి తప్పు దాదాపు సగానికి తగ్గుతుందంతే, పోదు. అందుకే టిప్ లైట్లకు రెక్క లోహాన్నే ఎర్త్‌గా వాడకండి, రిటర్న్ వైరు విడిగా లాగి రెండూ మెలిపెట్టండి. అప్పుడు ఒకదాని క్షేత్రాన్ని ఇంకొకటి దాదాపు చెరిపేస్తుంది.

డ్రిల్ చేయకముందే సెన్సార్‌ను చెక్కముక్క మీద టేపుతో అంటించి, అనుకున్న చోట పెట్టి, తాత్కాలికంగా కనెక్షన్ ఇచ్చి స్క్రీన్‌లో హెడింగ్ చూడండి. నావ్ లైట్లు, స్ట్రోబ్, ల్యాండింగ్ లైటు, పీటో హీట్, ఆటోపైలట్ సర్వో, ఫ్లాప్ మోటారు, ఒక్కొక్కటే వేసి ఆపండి. స్టిక్ ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పండి. హెడింగ్ రెండు డిగ్రీలు దాటి కదిలితే ఆ చోటు వద్దు. సర్దుకుపోదాం అనుకోవద్దు, జరపండి, మళ్లీ చూడండి. చేతి దిక్సూచితో చూశాం చాలు అనేవాళ్ల మాట నేను వినను, ఇంత చిన్న తేడా అందులో కనిపించదు.

తర్వాత ఇత్తడి స్క్రూలతో బిగించండి. స్టెయిన్‌లెస్ అని కొన్నవాటిని కూడా అయస్కాంతం పట్టుకోవచ్చు, దారానికి చిన్న అయస్కాంతం కట్టి ఒక్కొక్కటీ చూడండి. స్క్రూడ్రైవర్ మొనకూ అయస్కాంత గుణం ఉండకూడదు. సెన్సార్ విమానం పొడవుకు సమాంతరంగా ఉందో లేదో కొలిచాకే మూత పెట్టండి. మూత లోపలి వైపు ‘ఇనుప స్క్రూలు వాడొద్దు’ అని మార్కర్‌తో రాయండి, రెండేళ్ల తర్వాత లైటు మార్చడానికి అది విప్పేది మీరే కాకపోవచ్చు.